హార్డ్ డిస్క్ ముందు వరుస: ఎవరి పని ముందు, ఎవరి పని తర్వాత?



కంప్యూటర్‌లో ఒక పక్క సినిమా కాపీ అవుతూ, ఇంకో పక్క వైరస్ స్కాన్ నడుస్తూ ఉండగా మీరు ఒక చిన్న ఫైలు తెరవబోయారనుకోండి. ఏమవుతుంది? డబ్బాకున్న చిన్న ఎర్రదీపం ఆగకుండా మిణుకుమంటుంది. లోపలినుంచి గరగరమని సన్నని చప్పుడు వినిపిస్తుంది. మీ చిన్న ఫైలు మాత్రం ఎంతకీ తెరుచుకోదు. ఆ సమయంలో హార్డ్ డిస్క్ ముందు ఎన్నో పనులు వరుసగా నిలబడి ఉంటాయి. ఆ వరుసను డిస్క్ ఎలా నడుపుతుంది? వచ్చినవాళ్లను వచ్చినట్టే పిలుస్తుందా, లేక వరుస మారుస్తుందా? మారిస్తే అది న్యాయమేనా? ఈ పాఠంలో మనం ఈ విషయం తెలుసుకుందాం.

అసలు విషయంలోకి వెళ్లేముందు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. నేను పెరిగింది జంషెడ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న జుగ్సలాయిలో. టాటానగర్ రైల్వే స్టేషనుకు దగ్గర్లోని బజారు ఊరు అది. ఇప్పుడు జార్ఖండ్, నా చిన్నప్పుడు బీహారు. ఉక్కు కర్మాగారంలో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో చాలా ఉన్నాయి. మాదీ అలాంటి కుటుంబమే.

సెలవు రోజున అమ్మ నన్ను సైకిలు మీద పంపేది. "ఒరే, బిష్టుపూర్ వెళ్లి నాన్న మందులు పట్రా." తెచ్చేవాణ్ణి. "సాక్చీ వెళ్లి కూరలు పట్రా." అదీ తెచ్చేవాణ్ణి. చెమట తుడుచుకునేలోపు, "అయ్యో, మరిచేపోయాన్రా, బిష్టుపూర్‌లో దర్జీ దగ్గర అక్క జాకెట్టు ఉండిపోయింది" అనేది. మా ఇంటినుంచి సాక్చీకి నేను వెళ్లే దారిలోనే బిష్టుపూర్ తగులుతుంది. మూడు పనులూ ఒక్క తిరుగుడులో అయిపోయేవే. ఒకరోజు విసుగొచ్చి, "అమ్మా, నీకేం కావాలో అన్నీ ఒక్కసారే చెప్పు. ఏది ముందో ఏది వెనకో నేను చూసుకుంటాను" అన్నాను.

అమ్మ ఒప్పుకుంది కానీ రెండు షరతులు పెట్టింది. "నాన్న బి షిఫ్టుకి బయలుదేరేలోగా మందులు ఇంట్లో ఉండాలి. దర్జీకి ఇవ్వాల్సిన డబ్బులు సాక్చీలో పిన్ని దగ్గర ఉన్నాయి. అవి తీసుకున్నాకే దర్జీ దగ్గరికి వెళ్లు."

విద్యార్థులారా, ఈరోజు పాఠమంతా ఈ మాటల్లోనే ఉంది. పనులన్నీ ముందే అప్పగించడం, వరుసను పనిచేసేవాడికే వదిలెయ్యడం, కొన్ని పనులకు గడువు ఉండటం, కొన్నింటి క్రమం మార్చకూడకపోవడం. ఈ నాలుగింటినీ గుర్తుపెట్టుకుని డిస్క్ దగ్గరికి వెళదాం.

డిస్క్ లోపల ఏముంది?

హార్డ్ డిస్క్ లోపల అయస్కాంత పూత పూసిన గుండ్రటి పళ్లేలు ఉంటాయి. అవి ఒకే ఇరుసు మీద వేగంగా తిరుగుతుంటాయి. ప్రతి పళ్లెం మీదా కంటికి కనిపించని వలయాలు ఉంటాయి. వీటిని ట్రాకులు అంటారు. ఒక్కో ట్రాకు చిన్న చిన్న భాగాలుగా విభజించి ఉంటుంది. వీటిని సెక్టార్లు అంటారు. సమాచారం ఉండేది ఈ సెక్టార్లలోనే. చదవడానికి, రాయడానికి ఒక పొడవాటి చెయ్యి, దాని చివర హెడ్ ఉంటాయి. పళ్లేలన్నింటి మీద ఉన్న హెడ్‌లూ సాధారణంగా కలిసే కదులుతాయి.

ఒక సెక్టారును చదవాలంటే రెండు పనులు జరగాలి. మొదట చెయ్యి కదిలి సరైన ట్రాకు మీదికి చేరాలి. దీనికి పట్టే కాలాన్ని సీక్ టైమ్ అంటాం. తర్వాత పళ్లెం తిరుగుతూ ఆ సెక్టారును హెడ్ కిందికి తేవాలి. ఇది తిరుగుడు నిరీక్షణ.

1956లో ఐబీఎం సంస్థ తెచ్చిన రామాక్ యంత్రం హార్డ్ డిస్కులకు ఆద్యం. అందులో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపి దాచగలిగింది 50 లక్షల అక్షరాలు. ఒక సమాచారాన్ని వెతికి పట్టడానికి సగటున సెకనులో సగానికి పైగా పట్టేది. అప్పటినుంచి ఇప్పటికి డిస్క్ పట్టే సమాచారం లక్షల రెట్లలో పెరిగింది. కానీ వెతికే కాలం కొన్ని పదుల రెట్లు మాత్రమే తగ్గింది. ఎందుకంటే చెయ్యి కదలాలి, పళ్లెం తిరగాలి. ఇవి బరువున్న వస్తువులు. వాటి వేగానికి హద్దు ఉంది.

ఒక చిన్న లెక్క

ఇంటి కంప్యూటర్లలో ఉండే డిస్కులు ఎక్కువగా నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 120 చుట్లు. ఒక చుట్టుకు సుమారు 8.3 మిల్లీసెకన్లు. మనకు కావలసిన సెక్టారు హెడ్‌కు దగ్గర్లోనే ఉండొచ్చు, అప్పుడే దాటిపోయి ఉండొచ్చు. కాబట్టి సగటు నిరీక్షణ సగం చుట్టు, అంటే సుమారు 4.2 మిల్లీసెకన్లు. చెయ్యి కదలడానికి సగటున 8.5 మిల్లీసెకన్లు అనుకుందాం. రెండూ కలిపితే 12.7. ఈ లెక్కన ఎక్కడెక్కడో ఉన్న సెక్టార్లను ఒక్కొక్కటిగా అడిగితే డిస్క్ సెకనుకు 80 పనులు కూడా పూర్తిచెయ్యలేదు. అదే సెకనులో ప్రాసెసర్ వందల కోట్ల లెక్కలు చేస్తుంది. అందుకే డిస్క్ దగ్గర వరుస పెరుగుతుంది.

చేతి వేగం పెంచలేం. మరి తిరిగే దూరం తగ్గించగలమా? తగ్గించగలం.

లిఫ్టు పద్ధతి

హెడ్ ఇప్పుడు 50వ ట్రాకు మీద ఉందనుకోండి. వరుసలో ఐదు పనులు ఉన్నాయి. వచ్చిన క్రమంలో వాటి ట్రాకులు 90, 10, 80, 20, 60.

వచ్చిన క్రమంలోనే చేస్తే హెడ్ 50 నుంచి 90కి, అక్కడినుంచి 10కి, మళ్లీ 80కి, తర్వాత 20కి, చివరికి 60కి వెళ్లాలి. దూరాలు 40, 80, 70, 60, 40. మొత్తం 290 ట్రాకులు.

ఇప్పుడు వరుస మారుద్దాం. ముందు పైకి వెళుతూ 60, 80, 90 పూర్తిచేసి, వెనక్కి తిరిగి 20, 10 పూర్తిచేద్దాం. దూరాలు 10, 20, 10, 70, 10. మొత్తం 120. పనులు అవే ఐదు. దూరం మాత్రం సగంకంటే తగ్గింది.

దీన్ని లిఫ్టు పద్ధతి అంటారు. మేడలో లిఫ్టు ఏం చేస్తుందో గమనించండి. మొదట బటన్ నొక్కింది తొమ్మిదో అంతస్తు మనిషి అయినా, దారిలో ఆరో అంతస్తు మనిషిని దించే వెళుతుంది. ఒక దిక్కున పనులన్నీ అయ్యాకే దిక్కు మారుస్తుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ప్రతిసారీ అన్నిటికంటే దగ్గరున్న పనినే ఎంచుకోవడం. మన ఉదాహరణలో రెండు పద్ధతులకూ ఒకే జవాబు వస్తుంది. కానీ అన్ని వేళలా అలా రాదు. 1967లో అమెరికన్ శాస్త్రవేత్త పీటర్ డెనింగ్ ఈ రెండు పద్ధతులనూ గణితంతో విశ్లేషించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పటినుంచి ఇవి ఆపరేటింగ్ సిస్టమ్ పాఠాల్లో తప్పనిసరి భాగమయ్యాయి.

వెనకబడిపోయే పని

"దగ్గరున్నది ముందు" అనే పద్ధతిలో ఒక అన్యాయం దాగి ఉంది. 60 నుంచి 90 వరకు ఉన్న ట్రాకులకు కొత్త పనులు వస్తూనే ఉన్నాయనుకోండి. హెడ్ అక్కడక్కడే తిరుగుతుంటుంది. 10వ ట్రాకు మీద ఉన్న పని ఎప్పుడూ "దూరం"గానే మిగిలిపోతుంది. మొత్తంమీద సెకనుకు జరిగే పనుల సంఖ్య బాగానే కనిపిస్తుంది. కానీ ఆ ఒక్క పని ఎప్పటికీ జరగదు. కంప్యూటర్ శాస్త్రంలో దీన్ని స్టార్వేషన్, అంటే పస్తుండటం అంటారు.

టాటానగర్ స్టేషనులో ఆగి ఆగి కదిలే గూడ్సు బళ్లను చూస్తూ పెరిగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే గూడ్సును లూపు లైన్లో నిలుపుతారు. ఎక్స్‌ప్రెస్ వెళ్లాక ఇంకో ఎక్స్‌ప్రెస్. ఇలా వస్తూనే ఉంటే గూడ్సు మాటేమిటి? ఎక్కడో ఒకచోట కంట్రోలరు, "ఇక దీన్ని వదలాల్సిందే" అని నిర్ణయించాలి. అందులోని బొగ్గు కోసం ఒక కొలిమి ఎదురుచూస్తూ ఉంటుంది.

డిస్క్ వరుసలోనూ ఇదే పరిష్కారం. ప్రతి పనికీ ఒక గడువు పెడతారు. గడువు దాటబోతున్న పని దూరంగా ఉన్నా సరే, హెడ్ అక్కడికి వెళ్లి తీరాలి. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో దీని పేరే డెడ్‌లైన్ పద్ధతి. మా అమ్మ చెప్పిన "బి షిఫ్టుకి బయలుదేరేలోగా" అన్న మాట ఇదే. ఏ వరుస మంచిదని అడిగినప్పుడు సగటు ఒక్కటే చూస్తే చాలదు. అందరికంటే ఎక్కువసేపు ఎదురుచూసినవాడు ఎంతసేపు చూశాడన్నది కూడా చూడాలి.

వరుస డిస్క్ లోపలికి ఎందుకు వెళ్లింది?

ఇంతవరకు వరుస మార్చే పని ఆపరేటింగ్ సిస్టమ్ చేసినా సరిపోతుంది. కానీ మనం ట్రాకుల దూరం మాత్రమే లెక్కించాం. తిరుగుడు నిరీక్షణను మరిచిపోయాం. ఒక ఉదాహరణ చూడండి.

వరుసలో క, ఖ అని రెండు పనులు ఉన్నాయి. 'క' ట్రాకు చాలా దగ్గర. హెడ్ 1 మిల్లీసెకనులో చేరుతుంది. కానీ దాని సెక్టారు 0.5 మిల్లీసెకను దగ్గరే దాటిపోతుంది. కాబట్టి ఇంకో చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగాలి. అది మళ్లీ హెడ్ కిందికి వచ్చేది 8.8 మిల్లీసెకన్ల దగ్గర. 'ఖ' ట్రాకు దూరం. చేరడానికి 3 మిల్లీసెకన్లు పడుతుంది. కానీ దాని సెక్టారు సరిగ్గా 4 మిల్లీసెకన్ల దగ్గర హెడ్ కిందికి వస్తుంది. ఒక ట్రాకు నుంచి రెండో ట్రాకుకు మారడానికి 2.5 మిల్లీసెకన్లు అనుకుందాం.

దగ్గరున్న 'క' ముందు చేస్తే అది 8.8 దగ్గర పూర్తవుతుంది. అక్కడినుంచి 'ఖ' ట్రాకుకు చేరేసరికి 11.3. దాని సెక్టారు 4 దగ్గర ఒకసారి వచ్చి వెళ్లిపోయింది. మళ్లీ 12.3 దగ్గర వస్తుంది. రెండు పనులకూ కలిపి 12.3 మిల్లీసెకన్లు.

దూరమున్న 'ఖ' ముందు చేస్తే అది 4 దగ్గరే అయిపోతుంది. వెనక్కి 'క' ట్రాకుకు 6.5 కల్లా చేరతాం. 8.8 దగ్గర 'క' కూడా పూర్తవుతుంది.

గమనించారా? 'ఖ' ముందుకు వచ్చినందువల్ల 'క' కొంచెం కూడా ఆలస్యం కాలేదు. అది ఎలాగూ 8.8 వరకు ఆగాల్సిందే. వృథాగా పోయే ఆ నిరీక్షణలో ఇంకో పని అయిపోయింది.

అయితే ఈ లెక్క వెయ్యాలంటే హెడ్ ఈ క్షణాన ఎక్కడుందో, ఏ సెక్టారు ఏ కోణంలో ఉందో తెలియాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అవి తెలియవు. దానికి తెలిసింది సెక్టార్ల వరుస సంఖ్యలు మాత్రమే. బయటి ట్రాకుల్లో ఎక్కువ సెక్టార్లు, లోపలి ట్రాకుల్లో తక్కువ సెక్టార్లు ఉంటాయి. చెడిపోయిన సెక్టార్ల బదులు వేరేచోట సెక్టార్లు వాడుతుంటారు. ఆ లోగుట్టు అంతా డిస్క్‌లో ఉన్న చిన్న ప్రాసెసర్‌కే తెలుసు. సందుగొందుల సంగతి సైకిలు తొక్కేవాడికి తెలిసినట్టు ఇంట్లో ఉన్న అమ్మకు తెలియదు కదా! అందుకే వరుసను డిస్క్‌కే అప్పగించారు.

బిళ్ల పద్ధతి

ఒకేసారి అనేక పనులు అప్పగించి, అవి వేరే క్రమంలో పూర్తయితే, ఏ జవాబు ఏ పనిదో ఎలా తెలుస్తుంది? గుడి దగ్గర చెప్పుల స్టాండు గుర్తుచేసుకోండి. చెప్పులు ఇస్తే నంబరు వేసిన బిళ్ల ఇస్తారు. 5వ నంబరువాళ్లు ముందు బయటికి రావచ్చు, 2వ నంబరువాళ్లు తర్వాత రావచ్చు. ఆ నంబరు వంతును చెప్పదు. ఎవరివి ఏ చెప్పులో చెబుతుంది, అంతే.

డిస్క్‌కు పంపే ప్రతి కమాండ్‌కూ ఇలాగే ఒక బిళ్ల ఉంటుంది. దాన్ని ట్యాగ్ అంటారు. సర్వర్లలో వాడే స్కజీ డిస్కులకు 1990లలోనే ఈ సదుపాయం ఉంది. ఇంటి కంప్యూటర్లలోని సాటా డిస్కులకు 2004 ప్రాంతంలో ఇది అందింది. దాని పేరు నేటివ్ కమాండ్ క్యూయింగ్, పొట్టిగా ఎన్.సి.క్యూ. ఇందులో 0 నుంచి 31 వరకు మొత్తం 32 బిళ్లలు ఉంటాయి.

ఇది నడిచే తీరు చూద్దాం. కంప్యూటర్ ఒక కమాండ్‌ను ట్యాగ్ వేసి పంపుతుంది. డిస్క్, "అందింది" అని చెప్పి తీగను ఖాళీ చేస్తుంది. మొదటి పని పూర్తికాకముందే రెండోది, మూడోది పంపవచ్చు. డిస్క్ తన లెక్క ప్రకారం ఒక పనిని ఎంచుకుని, "ఇదిగో 7వ ట్యాగ్ సమాచారం" అంటూ బదిలీ తానే మొదలుపెడుతుంది. పూర్తయిన ట్యాగులు నాలుగైదు ఉంటే వాటన్నిటి కబురూ ఒకేసారి చెప్పగలదు. దానివల్ల ప్రాసెసర్‌కు మాటిమాటికీ అంతరాయం ఉండదు.

దీనివల్ల అన్ని వేళలా లాభం ఉంటుందా? ఉండదు. వరుసలో ఒకే పని ఉంటే మార్చడానికేముంది? ఒక పెద్ద సినిమా ఫైలును మొదటినుంచి చివరిదాకా చదువుతుంటే సెక్టార్లు ఎలాగూ పక్కపక్కనే ఉంటాయి. ఎంతోమంది ఒకేసారి ఎక్కడెక్కడి సమాచారమో అడిగే సర్వర్ల వంటి చోటే దీని విలువ తెలుస్తుంది.

వరుస మార్చకూడని చోటు

ఇప్పుడు మా అమ్మ రెండో షరతుకు వద్దాం. పిన్ని దగ్గర డబ్బులు తీసుకోకుండా దర్జీ దగ్గరికి వెళితే ఏమవుతుంది? బిష్టుపూర్ దారిలోనే ఉన్నా ఆ పని ముందు కాదు. అలాగే కంప్యూటర్‌లోనూ కొన్ని రాతలకు కచ్చితమైన క్రమం ఉంటుంది.

ఒక బ్యాంకు ఖాతానుంచి 500 రూపాయలు తీసి ఇంకో ఖాతాలో వెయ్యాలి. అందుకు సాధారణంగా ముందు, "ఇలా చేయబోతున్నాను" అని ఒక చిట్టాలో రాస్తారు. అది డిస్క్ మీద పడ్డాకే ఖాతాలను మారుస్తారు. మధ్యలో కరెంటు పోయినా చిట్టా చూసి సరిచెయ్యవచ్చు. డిస్క్ వేగం కోసం చిట్టాను వెనక్కి నెట్టి, ఒక ఖాతాను ముందు మార్చేసిందనుకోండి. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే? డబ్బు ఒకచోట తగ్గి, రెండోచోట పెరగదు. ఎందుకలా జరిగిందో చెప్పే చిట్టా కూడా ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. డిస్క్‌లో చిన్న మెమరీ ఒకటి ఉంటుంది. రాయమన్న సమాచారాన్ని అందులోకి తీసుకోగానే డిస్క్, "అయిపోయింది" అని చెప్పేయవచ్చు. నిజానికి అది ఇంకా పళ్లెం మీద పడలేదు. కరెంటు పోతే ఆ మెమరీ తుడుచుకుపోతుంది.

నాకు ఇది అనుభవమే. ఒక పాఠశాలలో పదో తరగతి పిల్లల మార్కులు సాయంత్రందాకా కూర్చుని కంప్యూటర్‌లో ఎక్కించాను. సేవ్ నొక్కాను. పని అయిపోయిందనుకుని, గాలివాన మొదలవుతోందని కంగారుపడి, కంప్యూటర్‌ను షట్‌డౌన్ చెయ్యకుండానే గోడ దగ్గర స్విచ్చి తీసేశాను. మర్నాడు చూస్తే ఫైలు తెరుచుకోలేదు. తప్పు నాదే. మెమరీలో ఉన్నదంతా పళ్లెం మీదికి చేరే వ్యవధి నేను ఇవ్వలేదు. అదృష్టవశాత్తు జవాబు పత్రాలు ఇంకా బీరువాలో ఉన్నాయి. రెండు రోజులు కూర్చుని మళ్లీ ఎక్కించాను. ఆ పత్రాలు కూడా లేకపోతే? ఎండనక వాననక చదివిన పిల్లల ఏడాది కష్టానికి నేనేం జవాబు చెప్పాలి?

ఇందుకోసమే డిస్క్‌కు ఒక ప్రత్యేక ఆజ్ఞ ఉంది. దాన్ని ఫ్లష్ అంటారు. "నీ మెమరీలో ఉన్నదంతా పళ్లెం మీద రాసి, అప్పుడే నాకు జవాబు చెప్పు" అని దాని అర్థం. క్రమం ముఖ్యమైనచోట ఆపరేటింగ్ సిస్టమ్ చిట్టా రాసి, ఫ్లష్ చేసి, ఆ తర్వాతే తర్వాతి రాతలు పంపుతుంది. ఎన్.సి.క్యూ. వరుసలో ఉన్న పనులను డిస్క్ ఏ క్రమంలోనైనా చెయ్యవచ్చు. కాబట్టి క్రమం కావాలంటే, మొదటిది నిజంగా పూర్తయ్యేదాకా రెండోది పంపకుండా ఉండాల్సిన బాధ్యత పంపేవారిదే. మీరు కంప్యూటర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసినప్పుడు తెర మీద కొన్ని క్షణాలు ఆగమనేది అందుకే. విసుగుపడకండి.

నేటి పరిస్థితి

ఇప్పుడు చాలా కంప్యూటర్లలో తిరిగే డిస్కుల బదులు యస్.యస్.డి.లు ఉంటున్నాయి. వాటిలో చెయ్యి లేదు, పళ్లెం లేదు. అయినా వరుస పోలేదు. లోపల అనేక మెమరీ చిప్‌లు ఉంటాయి. పనులు ఎక్కువ అప్పగిస్తే అవన్నీ ఏకకాలంలో పనిచేస్తాయి. 2011లో వెలువడిన ఎన్.వి.ఎం.ఇ. ప్రమాణం ప్రకారం వరుసలు 65 వేలకు పైగా ఉండవచ్చు. ఒక్కో వరుసలో 65 వేలకు పైగా కమాండ్లు ఉండవచ్చు. ఎన్.సి.క్యూ.లోని ఒక వరుస, 32 కమాండ్లతో పోల్చి చూడండి. మరోపక్క, పెద్ద డేటా కేంద్రాల్లో చవకగా ఎక్కువ సమాచారం దాచడానికి హార్డ్ డిస్కులు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి.

ఈ పాఠంలో మనం తెలుసుకున్నవి

1. హార్డ్ డిస్క్‌లో ఆలస్యానికి ముఖ్య కారణాలు చెయ్యి కదలిక, పళ్లెం తిరుగుడు.
2. ఒకేసారి అనేక పనులు తెలిసినప్పుడే వరుస మార్చి కాలం ఆదా చెయ్యగలం.
3. వేగం ఒక్కటే చూస్తే దూరపు పని పస్తుంటుంది. గడువు పెట్టాలి.
4. పళ్లెం ఎక్కడుందో డిస్క్‌కే తెలుసు కాబట్టి, వరుస నిర్ణయం దానికే ఇస్తే మేలు.
5. క్రమం ముఖ్యమైన రాతల్లో వేగంకంటే నమ్మకం ముఖ్యం.

మీరు చెయ్యవలసినవి

ఒకటి: నిమిషానికి 5,400 చుట్లు తిరిగే డిస్క్‌కు సగటు తిరుగుడు నిరీక్షణ ఎంత? రెండు: హెడ్ 100వ ట్రాకు మీద ఉంది. పనులు 30, 160, 90, 120 ట్రాకులవి. వచ్చిన క్రమంలో చేస్తే ఎంత దూరం? ముందు పైకి వెళ్లే లిఫ్టు పద్ధతిలో ఎంత దూరం? మీ జవాబులు సుమారు 5.6 మిల్లీసెకన్లు, 300 ట్రాకులు, 190 ట్రాకులు వస్తే మీ లెక్క సరైనదే. మూడు: మీ ఊళ్లో రేషను షాపు దగ్గరో, ఆసుపత్రి దగ్గరో ఒక వరుసను గమనించండి. అక్కడ ఎవరిని ముందు పంపుతున్నారు? ఎందుకు? అందువల్ల వెనకబడిపోతున్నది ఎవరు? ఒక పేజీలో రాయండి.

మూడో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అది మీరు చూసి రాయవలసిందే.